సైకిల్ని హైదరాబాదులో వదిలి రావద్దు

అనంతపురం,
2023 నవంబరు 11.

బుజ్జీ,

రేపు దీపావళి. మధ్యాహ్నం నుంచే పిల్లలు వీధిలో ఒకటీ అరా పటాసులు కాలుస్తున్నారు. మా అత్త వాకిట్లో కూర్చుని వత్తులు చేస్తోంది. ఆమె పక్కనే పీట వేసుకుని నీకు ఈ ఉత్తరం మొదలుపెట్టినాను.

నీ జాబు అంది వారమైంది. సంక్రాంతికి వస్తున్నావని చదివి కూర్చున్నదాన్ని లేచి నిలబడినాను. డల్లాసు నుంచి నీ సైకిలు పెట్టెలో కట్టుకుని తెస్తావనీ, కడపలో దిగి అక్కడి నుంచి అనంతపురం దాకా తొక్కుకుంటూ వస్తావనీ రాసిన ముక్క మా ఆయనకు గట్టిగా చదివి వినిపించినాను. ఆ కింది నాలుగు వరుసలు చదివేసరికి ప్రాణం ఉసూరుమనింది. హైదరాబాదు నుంచి కడపకు వచ్చేది చిన్న విమానమంట, దాంట్లో సైకిలు ఎట్లా పడుతుంది, మా మరిది ఇంట్లో పెట్టేసి ఒట్టి చేతులతో వస్తాలే అని రాసినావు. వద్దు. సైకిల్ని హైదరాబాదులో వదిలి రావద్దు. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట కోసమే. మిగతాదంతా అదెట్లా కుదురుతుందో చెప్పడానికి.

ముందు ఊరి సంగతి. ఈ ఏడు చెనిక్కాయ చేతికి రాలేదు. ఆగస్టు నెల దేశమంతటా 1901 నుంచి ఎన్నడూ లేనంత తక్కువ వానతో గడిచింది. మనకు మామూలు ఏడాదిలో పడేదే 550 మిల్లీమీటర్ల దరిదాపు. అందులో ఊడలు దిగే వేళకు ఒక్క పదును లేకపోతే నేల బండబారిపోతుంది, ఊడ లోపలికి దిగదు. పోయిన నెలాఖరుకు ప్రభుత్వం కరువు మండలాల జాబితా ప్రకటించింది, మన జిల్లావి చాలానే ఉన్నాయి. మీ చేను గుత్తకు చేసే అబ్బాయి చెట్టు పెరికి గొర్రెలకు వేసేసినాడు. కారులో వస్తే అద్దాలెత్తుకుని ఇవేవీ చూడకుండానే ఇల్లు చేరతావు. సైకిలు మీద వస్తే ఏ చేను ఎండిందో, ఏ బోరు పోస్తోందో, ఎవరి మొహం ఎట్లుందో చూసుకుంటూ వస్తావు. నువ్వు రావాలనుకున్నది కూడా అందుకేనని నాకు తెలుసు.

మీ నాయన హెర్క్యులిస్ సైకిలు మా ఇంట్లోనే ఉంది. 2020లో విమానాలు ఆగిపోయిన ఎండాకాలంలో ఆయన పోయినాడు, నువ్వు రాలేకపోతివి. ఇల్లు తాళం వేసేటప్పుడు మీ అన్న సామానంతా సర్ది, ఈ సైకిల్ని ఏం చేద్దామని నన్నడిగితే మా వరండాకు తెప్పించుకున్నాను. నెలకొకసారి చైనుకు నూనె పెడతాను.

ఆ సైకిలు బస్సెక్కడం నీకు గుర్తుందా? కళ్యాణదుర్గం ప్రైవేటు బస్సు మన ఊరి రోడ్డు దగ్గర ఆగేది. ఊరు రోడ్డుకు ఆరు కిలోమీటర్లు లోపల. మీ నాయన సైకిలు తొక్కుకుంటూ వచ్చి, సైకిలుతో సహా బస్సెక్కేవాడు. అనంతపురంలో దిగినాక విత్తనాల అంగడికి, బ్యాంకుకు, టవర్ క్లాక్ పక్క మందులషాపుకు దాని మీదే తిరిగేవాడు. క్లీనరు వెనక నిచ్చెన ఎక్కి చెయ్యి చాస్తే, మీ నాయన కింద నుంచి ముందు చక్రం అందించేవాడు. ఒక్క ఊపులో సైకిలు టాపు మీదికి పోయేది. పైన చెనిక్కాయ మూటలు, కోళ్ళ గంపలు, అప్పుడప్పుడు ఒక మేక. చేంతాడు పురి తీసి హ్యాండిలుకు రెండు చుట్లు, వెనక చక్రానికి రెండు చుట్లు. కండక్టరు లగేజీ టికెట్టు చించి ఇచ్చేవాడు. అంతే. సైకిలు ఎక్కుతుందా ఎక్కదా అని ఎవరూ ఎవరినీ అడిగింది లేదు. మనిషి ఎక్కితే మనిషి సైకిలు కూడా ఎక్కుతుంది. రైల్లోనూ అంతే. పార్సిలు ఆఫీసులో చీటీ కట్టించి బ్రేకు వ్యానులో వేయిస్తే గుంతకల్లులోనో గుత్తిలోనో దింపుకోవచ్చు.

ఇప్పుడు విమానం సంగతికి వస్తాను. మన అనంతపురానికి విమానాశ్రయం లేదు. పుట్టపర్తిలో సత్యసాయి ట్రస్టు 1990లో కట్టించింది ఉంది గానీ, టికెట్టు కొనుక్కుని ఎక్కే రోజువారీ విమానం అక్కడికి లేదు. మనకు చుట్టూ ఉన్నవి మూడు: కింద బెంగళూరు, పైన ఓర్వకల్లు, తూర్పున కడప. ఓర్వకల్లు 2021 మార్చిలో మొదలైంది, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టినారు. కడపలో కొత్త టెర్మినల్ 2015లో తెరిచినారు. 2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి సిమ్లాలో ఉడాన్ పథకం విమానాలకు జెండా ఊపినప్పుడు, మొదటి మూడు దారుల్లో కడప–హైదరాబాదు ఒకటి. తర్వాత మా స్కూల్లో ఏడో తరగతి పిల్లలకు భూగోళం చెబుతూ ఆ సంగతి చెప్పినాను, ‘మేడమ్, దాంట్లో మనమెక్కొచ్చా’ అని అడిగినారు. అప్పుడు దాన్ని నడిపింది హైదరాబాదు సంస్థ ట్రూజెట్. 2022 ఫిబ్రవరిలో అది ఆగిపోయింది. ఆ ఏడు మార్చి నుంచి ఇండిగో వస్తోంది.

కడప–హైదరాబాదు దారిలో తిరిగేది ఏటీఆర్ 72. రెక్కల కింద రెండు పంకాలు ఉండేది. నువ్వు చిన్నదని రాసినావు గానీ, సైకిలు విషయంలో నీ భయం తలకిందులుగా ఉంది బుజ్జీ. పెద్ద విమానాల్లో సామాను మన కాళ్ళ కింద, నేల అడుగున పోతుంది. ఏటీఆర్‌కు ఆ అడుగు అర లేదు. పైలట్ల గదికీ ప్రయాణికులకూ మధ్య ఒక సామాను గది ఉంటుంది, తోక వైపు ఇంకొకటి. అందుకే మనం వెనక తలుపు నుంచి ఎక్కుతాం. ముందరి సామాను తలుపు మీటరుంపావు వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉంటుంది సుమారుగా. సైకిలు పెట్టె పొడవు 140 సెంటీమీటర్లు, ఎత్తు 80, మందం 20–25. నిలువుగా పట్టుకుని పొడవు వైపు నుంచి తోస్తే హాయిగా దూరుతుంది.

ఇంకొకటి చూడు. చిన్న విమానాశ్రయంలో మెలికలు తిరిగే పొడుగాటి బెల్టులు లేవు. సామానును ఇనుప డబ్బాల్లో కుక్కేది లేదు. కౌంటరు దగ్గర నుంచి పెట్టె చేతిబండి మీద పోతుంది, ఇద్దరు మనుషులు ఎత్తి లోపల పెడతారు. తిరిగి పోయేటప్పుడు అద్దం పక్క సీటు దొరికితే నీ సైకిలు ఎక్కడం నువ్వే చూడొచ్చు. ఆ ఎత్తేవాళ్ళు ఎర్రగుంట్ల పిల్లోళ్ళో, కమలాపురం పిల్లోళ్ళో. వాళ్ళకు సైకిలంటే ఏమిటో తెలుసు. దెబ్బ తగిలే చోటు పెద్ద విమానాశ్రయం, చిన్నది కాదు.

ఏటీఆర్ నిలబడినప్పుడు ఎప్పుడైనా గమనించినావా? మనుషులు ఎక్కేదీ దిగేదీ వెనక నుంచి కాబట్టి, బరువంతా తోకకు పడి ముక్కు పైకి లేవకుండా తోక కింద ఒక ఊతకర్ర నిలబెడతారు. మొదటిసారి చూసినప్పుడు నాకు మీ నాయన సైకిలు స్టాండు గుర్తొచ్చింది. అందరూ ఎక్కినాక దాన్ని తీసేస్తారు, స్టాండు తన్ని బయలుదేరినట్టే.

బరువు లెక్క కూడా వేసి చూసినాను. 78 సీట్లు. మనిషికి చేతిసంచితో కలిపి 75 కిలోలు, పెట్టెకు 15 కిలోలు వేసుకుంటే 7,020 కిలోలు. ఆ విమానం మోయగలిగింది ఏడున్నర టన్నుల దరిదాపు. సీట్లన్నీ నిండినా నాలుగు వందల కిలోల పైన మిగులుతుంది. నీ సైకిలు పెట్టెతో కలిపి 18 కిలోలు. మే నెలలో అయితే నేను ఇంత ధైర్యంగా చెప్పను. కడపలో 42, 43 డిగ్రీలు కాసేటప్పుడు గాలి పలచబడుతుంది, రెక్కకు ఎత్తే శక్తి చాలదు, ఇంజనుకు బలం చాలదు, అప్పుడు సామాను తగ్గించడమే వాళ్ళకున్న దారి. అది న్యాయమే, ప్రాణాల లెక్క. నువ్వు వచ్చేది సంక్రాంతికి. చల్లగాలి బరువుగా ఉంటుంది. అరుణాచల్ ప్రదేశ్‌లో తిరిగే పదిహేడు సీట్ల డోర్నియర్ అయితే నేనే వద్దనేదాన్ని. ఏటీఆర్‌కు నీ సైకిలు బరువు కాదు.

మరి చిక్కంతా ఎక్కడ? రెండేళ్ళ కింద నాకు జరిగింది చెబుతాను. సంస్థ పేరు, ఊరి పేరు నీకు అక్కర్లేదు. బ్రెవే అనే 200 కిలోమీటర్ల సైకిలు సవారీ తొక్కడానికి పోయినాను, పదమూడున్నర గంటల్లో ముగించాలి. టికెట్టు కొనకముందు ఫోన్ చేస్తే తెమ్మన్నారు. రెండో రోజు ఇంకొకరు, చిన్న విమానంలో కుదరదన్నారు. మూడోసారి ఇంకొకరు, కౌంటరులో అడగమన్నారు. కౌంటరులో ఉన్న పాప కంప్యూటరులో వెతికి వెతికి, క్రీడా సామగ్రి అనే గడిలో వేసి, నేననుకున్న దానికి రెండింతలు డబ్బు కట్టించుకుంది. దెబ్బ తగిలితే సంస్థకు బాధ్యత లేదని రాసున్న చీటీ మీద సంతకం తీసుకున్నారు. నేను దిగినాను, పెట్టె దిగలేదు. మరుసటి రోజు విమానంలో వచ్చింది. వెనక గేరు తగిలించే కొక్కెం వంగిపోయింది. అప్పటికి బ్రెవే అయిపోయింది కూడా. హోటలు గదిలో ఆ పెట్టె విప్పుకుని కూర్చుని ఏడ్చినాను బుజ్జీ. డబ్బు పోయినందుకు కాదు. మూడు నెలలు తెల్లవారి నాలుగింటికి లేచి తొక్కినాను దాని కోసం.

ఆ పాప తప్పు ఏమీ లేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. సైకిలు ఎక్కుతుందో లేదో, ఎంత కట్టాలో, విమానానికి ఎన్ని పట్టిస్తారో టికెట్టు కొనేచోటే ఒక్క వరుస రాసి పెట్టి ఉంటే, నాకు ఆ మూడు ఫోన్లూ లేవు, ఆమెకు ఆ వెతుకులాటా లేదు.

‘క్రీడా సామగ్రి’ అనే ఆ మాట దగ్గర నేను ఒప్పుకోలేను. గోల్ఫ్ కర్రలతో పాటు మన సైకిల్ని ఒక గడిలో వేసినారు. మా స్కూలు ముందు వేపచెట్టు కింద రోజూ ఇరవై, ముప్పై సైకిళ్ళు ఉంటాయి. కొన్ని బడికొస్తా పథకంలో ఆడపిల్లలకు ప్రభుత్వం ఇచ్చినవి. ఈ జిల్లాలో 1969 నుంచి పనిచేస్తున్న ఫెర్రర్ గారి స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ కూడా ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చింది. ఆ సైకిలు లేకపోతే ఎనిమిదో తరగతితో చదువు మానేసి ఉండే పిల్లల్ని నేను వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగలను. పాలు పోసేవాడు, పేపరు వేసేవాడు, బట్టల మూట కట్టుకుని ఊరూరా తిరిగేవాడు, వీళ్ళలో ఎవరూ ఆట ఆడటం లేదు. ఈ నేలలో సైకిలు మనిషి కాలు లాంటిది. మన దగ్గరికి రావాలనుకున్న విమానం మన కాళ్ళతో సహా మనల్ని ఎక్కించుకోవాలి.

పైగా ఈ విమానం పూర్తిగా సంస్థల సొంత డబ్బుతో మొదలైంది కూడా కాదు. ఉడాన్ పెట్టిందే చిన్న ఊళ్ళ కోసం. మొదట్లో గంట ప్రయాణానికి సగం సీట్లకు 2,500 రూపాయలు మించకూడదని కట్టడి పెట్టి, వచ్చే నష్టాన్ని ప్రభుత్వాలు పూడ్చినాయి. ప్రజల సొమ్ముతో మొదలైన దారిలో, ఆ ప్రజల వాహనానికి ఒక నియమం రాయమని అడగడం అత్యాశ కాదు. అన్నీ ఎక్కించుకోమని నేననను. విమానానికి రెండు చాలు. ముందు చెప్పినవాళ్ళకు ముందు. ధర ఒక్కటే, కౌంటరుకొక ధర వద్దు. చీటీ మీద సంతకం తీసుకుంటే తీసుకోనీ, కానీ పెట్టెను నిలువుగా పెడతామని సంస్థవాళ్ళూ ఒక సంతకం పెట్టాలి. ఇదే పౌరవిమానయాన శాఖకు ఇంగ్లీషులో, తెలుగులో రెండు ఉత్తరాలుగా రాసినాను. నువ్వు అక్కడి నుంచి ఇంకొకటి రాయి.

విమానానికి సైకిలు పరాయి వస్తువేమీ కాదు కదా. దాన్ని పుట్టించింది సైకిలు అంగడివాళ్ళు. మీ అమెరికాలోనే, ఒహాయోలో డేటన్ ఊళ్ళో రైట్ సోదరులు 1892 నుంచి సైకిళ్ళు అమ్మి, బాగుచేసి బతికినారు. 1903 డిసెంబరు 17న ఎగిరిన ఆ యంత్రంలో ఇంజను నుంచి పంకాలకు బలం పోయింది సైకిలు చైను లాంటి చైన్ల మీదే. పట్టా మీద దాన్ని నడిపించిన తోపుడుబల్లకు వేసింది సైకిలు హబ్బులే. రెండో ప్రపంచ యుద్ధంలో బీఎస్‌ఏ కంపెనీ పారాచూట్ సిపాయిల కోసం నడుము దగ్గర మడిచే సైకిళ్ళు చేసింది. సైకిలుకు కూడా పారాచూట్ కట్టి, హ్యాండిలూ సీటూ ముందు నేలకు తాకేట్టు తలకిందులుగా వదిలేవాళ్ళంట. కాలేజీలో నువ్వు తొక్కిన ఎర్ర బీఎస్‌ఏ పేరు అక్కడి నుంచి వచ్చిందే. హెర్క్యులిస్‌ను, ఆ బీఎస్‌ఏను మనకు చేసి పంపినవాళ్ళు మద్రాసులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్ వాళ్ళు. మొన్న ఆగస్టులో ఫ్రాన్సులో పారిస్–బ్రెస్ట్–పారిస్ సైకిలు సవారీ జరిగింది, 1,200 కిలోమీటర్లు 90 గంటల్లో. నాలుగేళ్ళకొకసారి జరిగే దానికి మన దేశం నుంచి పోయినవాళ్ళు సొంత సైకిళ్ళు విమానాల్లోనే వేసుకుని పోయినారు. అంత దూరం పోయే సైకిలు హైదరాబాదు నుంచి కడపకు రాలేదా?

ఇక పని మాటలు. జాగ్రత్తగా చదువు.

డల్లాసు నుంచి కడప దాకా ఒకే టికెట్టు మీద రాయించుకోవడానికి చూడు. నీకు అక్కడ 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. కడప టికెట్టు విడిగా కొంటే 15 కిలోల లెక్కకు వచ్చేస్తావు, మూడు కొలతలూ కలిపి 158 సెంటీమీటర్లు దాటితే పెద్ద సామాను అంటారు. నీ పెట్టె 240 దాటుతుంది. మడిచే బ్రాంప్టన్ లాంటిదైతే మడిచినాక నూటయాభై దగ్గరే ఆగుతుంది, మామూలు పెట్టె లాగే పోతుంది. నీది అట్లాంటిది కాదు కాబట్టి, టికెట్టు కొనకముందే సైకిలు సంగతి చెప్పి ఒప్పుకున్నట్టు మెయిలు తెప్పించుకో. ఫోనులో చెప్పిన మాట కౌంటరు దాకా రాదు, నాది చూసినావు కదా. ఆ మెయిలు కాగితం మీద ముద్రించి చేతిలో పెట్టుకో.

నీ కూతురు కరెంటు సైకిలు తీసుకుపొమ్మంటోందని రాసినావు. అది మాత్రం కుదరదు. 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల సామానులో ఏ విమానమూ తీసుకోదు. కరెంటు సైకిలు బ్యాటరీలు మామూలుగా దానికి రెండు మూడింతలు ఉంటాయి. మంట అంటుకుంటే ఆకాశంలో ఆర్పడం కష్టం. ఆ నియమం మంచిది, దాని మీద నాకు పేచీ లేదు.

పెడళ్ళు తీసేటప్పుడు మీ నాయన చెప్పింది గుర్తు పెట్టుకో. స్పానరును పైకి నిలబెట్టి, రెండు వైపులా వెనక చక్రం దిక్కుకు తిప్పితే ఊడుతుంది. ఎడమ పెడలు మర ఎదురుగా ఉంటుంది, మర్చిపోయి బలం పెడితే మర చెడిపోతుంది. ముందు చక్రం తీసినాక ఫోర్కు రెండు కాళ్ళ మధ్య ఒక కట్టెముక్క బిగించు, పైన ఏదైనా పడితే లోపలికి వంగకుండా. డిస్కు బ్రేకు ప్యాడ్ల మధ్య అట్టముక్క దోపు. వెనక గేరును కొక్కెం నుంచి విప్పి, గుడ్డలో చుట్టి ఫ్రేముకు కట్టేయి. ఈ ఒక్క పని చేసి ఉంటే నా బ్రెవే నాకు దక్కేది. కొక్కెం ఇంకొకటి కొని సంచిలో వేసుకో, నీ సైకిలుకు సరిపోయేది అనంతపురంలో దొరకదు. పెట్టె మూయకముందు నాలుగు వైపులా ఫోటోలు తియ్యి.

టైర్ల గాలి మొత్తం తీసేయమంటారు. పేలిపోతుందని భయం. పేలదు. ఏటీఆర్ సామాను గదుల్లో కూడా మనం కూర్చున్నచోట ఉన్న గాలి ఒత్తిడే ఉంటుంది. ఒకవేళ బయట గాలి మొత్తం పోయినా టైరుకు పెరిగేది 14.7 పౌండ్లే, 80 పౌండ్ల టైరుకు అదొక లెక్క కాదు. అయినా వాళ్ళతో వాదించొద్దు, సగం తీసేయి. మొత్తం తీస్తే పెట్టె కింద పడినప్పుడు రిమ్ము దెబ్బ తింటుంది. గాలి కొట్టడానికి గ్యాసు గుళికలు తేవొద్దు, పంపు నేను తెస్తాను.

పెట్టె నీ దేశంలో సైకిలు అంగడివాళ్ళు ఊరికే ఇచ్చే అట్టపెట్టె చాలు. కడపలో విప్పినాక మడిచి ఆర్టీసీ కార్గోలో అనంతపురానికి వేద్దాం, తిరిగి పోయేటప్పటికి పనికొస్తుంది.

టైర్లు మాత్రం దళసరివి వేయించుకో. ఈ ఏడు గడ్డి లేదు గానీ, పల్లేరు మాత్రం రోడ్డు అంచుల్లో పరుచుకుని ఉంది. సంక్రాంతి నాటికి కాయలన్నీ ఎండి ముళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటాయి. కంపచెట్ల ముళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ట్యూబులు నాలుగు తెచ్చుకో. పంచరు వేసేవాళ్ళు దారిలో ఉన్నారు గానీ, అందరూ ఇప్పుడు మోటారు బండ్లవాళ్ళే. నీ సన్నటి ట్యూబును చూసి, సొల్యూషన్ డబ్బా పట్టుకుని ఆలోచనలో పడతారు.

దారి నేను అనుకున్నది ఇది. కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి, అనంతపురం. నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు. ఒక్క రోజులో వద్దు. ఎర్రగుంట్ల దాకా సిమెంటు లారీలు ఎక్కువ, తెల్లవారి జామునే దాటేద్దాం. దారి పొడవునా నాపరాళ్ళ గనులు, నల్లగా పలకలు పేర్చి ఉంటాయి. కొందరు ఆ పలకలనే నిలబెట్టి చేనికి కంచె కట్టుకున్నారు. తాడిపత్రిలో రాత్రి ఆగుదాం. సాయంత్రం పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి పోదాం. కట్టడం సగంలో ఆగిపోయిన ఆ గోపురాల రాతిపని దగ్గర నువ్వు పదో తరగతి విహారయాత్రలో తప్పిపోయి ఏడిస్తివి. కడప సముద్ర మట్టానికి 140 మీటర్ల దగ్గర, అనంతపురం 335. అంటే రెండు రోజులూ మెల్లగా ఎక్కుతూనే ఉంటాం, కాలికి తెలియనంత మెల్లగా. చలికాలం గాలి తూర్పు నుంచి వస్తుంది కాబట్టి వీపున ఉంటుంది. అదే ఆషాఢంలో అయితే పడమటి గాలి మొహాన కొట్టి, తొక్కిన చోటే నిలబెట్టేది. నీళ్ళు మాత్రం మూడు సీసాలు పెట్టుకో. మధ్యలో చెట్టు నీడ కూడా లేని చోట్లు ఉన్నాయి.

నేను ముందురోజే కడపకు వచ్చేస్తాను. కడప బస్సుల్లో టాపు మీద క్యారియరు ఉన్నది ఇంకా ఒకటి తిరుగుతోంది, కనుక్కున్నాను. మొన్న బస్టాండులో కండక్టరును పట్టుకుని, సైకిలు ఎక్కిస్తారా అని అడిగినాను. ‘ఎన్ని సైకిళ్ళమ్మా’ అన్నాడు. ఒకటే అన్నాను. ‘లగేజీ టికెట్టు కొడతా, తాడు మీరు తెచ్చుకోండి’ అన్నాడు.

తాడు కొన్నాను. మీ నాయన సైకిలుకు రెండు టైర్లు, రెండు ట్యూబులు, బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించినాను. కడప నుంచి నీ పక్కన నేను తొక్కేది దాని మీదే. నువ్వు నీది తీసుకురా.

నీ నేస్తం